ఏడో పేరా నుంచి మొదలెట్టు

తమ్ముడూ,

స్టూడెంట్స్‌కి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో టీమ్‌వర్క్ నేర్పడం గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బావుంది, సరే. కానీ స్టూడెంట్స్‌ని టీములుగా విడగొట్టి ప్రాజెక్ట్ ఇచ్చేస్తే టీమ్‌వర్క్ దానంతటదే వచ్చేస్తుందన్నావు చూడు, అక్కడ ఒళ్ళు మండింది. నీళ్ళలోకి తోసేస్తే ఈత వచ్చేస్తుందా? జరిగేదేంటో నీకూ తెలుసు, ఒకడు కోడ్ మొత్తం రాస్తాడు, ఒకరు పీపీటీ చేస్తారు, మిగతావాళ్ళు వాట్సాప్ గ్రూపులో థంబ్స్అప్ పెడతారు, మార్కులు మాత్రం అందరికీ సమానం.

టీమ్ పెద్దదైతే మంచిదని కూడా రాశావు. నలుగురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు 6, ఎనిమిది మందైతే 28. లేటైన ప్రాజెక్టులోకి ఇంకా మనుషుల్ని దింపితే ఇంకా లేటవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు నడిపి తల బొప్పి కట్టించుకున్న మనిషి.

అసలు సంగతి ఏడో పేరాలో ఉంది. ఒక అమ్మాయి రాసిన లాగిన్ మాడ్యూల్‌ని టీమ్‌లో టాపర్ చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రి తిరగరాసి మెర్జ్ కొట్టేశాడు, అంటే టీమ్ కోడ్‌లో కలిపేశాడు, ఆ తర్వాత ఆ అమ్మాయి ఒక్క కమిట్ కూడా (కోడ్‌లో చేసి సేవ్ చేసే మార్పు) పెట్టలేదు. ఇంత పెద్ద విషయం ఒక్క వాక్యంలో తేల్చేసి "కమ్యూనికేషన్ స్కిల్స్ ముఖ్యం" అని ఉపన్యాసంలోకి వెళ్ళిపోయావు! నేర్పాల్సింది అదే కదయ్యా. ఎదుటివాళ్ళ కోడ్ నచ్చకపోతే పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలపండని టీమ్‌ని అడగడం) కింద "ఇదేం కోడ్" అని రాయాలా, "పాస్‌వర్డ్ ఖాళీగా వస్తే ఇక్కడ క్రాష్ అవుతోంది, ఒకసారి చూస్తావా" అని రాయాలా? ఎవరో పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తేనే వస్తుంది అది. ఇంకొకరు అప్రూవ్ చేస్తేగానీ మెయిన్ బ్రాంచ్‌లోకి, అంటే టీమ్ అసలు కోడ్‌లోకి, మెర్జ్ కాకుండా సెట్టింగ్ పెట్టి, రివ్యూ కామెంట్లకి కూడా మార్కులేస్తే చచ్చినట్టు ఒకరి కోడ్ ఒకరు చదువుతారు. కమిట్లు లెక్కపెట్టి మార్కులేస్తే మాత్రం స్పేస్ తీసి ఒక కమిట్, పెట్టి ఒక కమిట్ చేస్తారు, జాగ్రత్త.

నేనూ ఇలాంటివి రాసి ఒక ఎడిటర్‌కి పంపేవాణ్ణి. ఆయన గొడవలన్నీ కోసేసి "టీమ్‌వర్క్‌కి పది సూత్రాలు" అని హెడ్డింగ్ పెట్టి వేసేవాడు, అద్దె కట్టాలి కాబట్టి నోరు మూసుకున్నా గానీ ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఇప్పుడేమో అందరికీ అజైల్ పిచ్చి, అదే, సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న విడతల్లో చేస్తూ పోయే పద్ధతి. 2001లో 17 మంది కూర్చుని రాసిన ఆ మేనిఫెస్టోలో మొదటి మాటే ప్రాసెస్‌లూ టూల్సూ కంటే మనుషులూ వాళ్ళ మాటామంతీ ముఖ్యమని, దాన్నొదిలేసి స్టాండప్ (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) ఎన్ని నిమిషాలుండాలో కొట్టుకుంటారు.

ఏ పత్రికకి పంపాలో తర్వాత చూద్దాం. ముందు ఆ అమ్మాయితో మాట్లాడు, టాపర్‌తోనూ మాట్లాడు, రేపే డెడ్‌లైన్ అంటే వాడి కంగారు వాడికీ ఉంటుంది. మొదటి ఆరు పేరాలు తీసేసి మళ్ళీ పంపు. పేర్లు మాత్రం మార్చు.