జీతం పెరగనప్పుడు కోపం బయటివారి మీదికి ఎందుకు మళ్లుతుంది?

బతుకు భారమవుతున్నా ప్రజలు పాలకుల విధానాలను నిలదీయకుండా, దేశాభిమానం పేరుతో తమ పక్కనున్నవారినే ఎందుకు ద్వేషిస్తారని మీరు అడిగారు. చాలామంది దీనికి అజ్ఞానమే కారణమంటారు. నేను దగ్గర నుంచి చూసినది వేరు.

చాలా ఏళ్ల క్రితం నేను ఒక కర్మాగారం అకౌంట్స్ విభాగంలో పనిచేసేవాణ్ణి. మూడేళ్లుగా కూలి పెరగని కాంట్రాక్టు కార్మికులందరూ కలిసి యాజమాన్యానికి వినతిపత్రం ఇవ్వబోతుండగా ఎన్నికలు వచ్చాయి. వేరే భాష మాట్లాడే వలస కార్మికుల వల్లే జీతాలు పెరగడం లేదని, వారికి దేశం మీద ప్రేమే లేదని సభల్లో ప్రచారం మొదలైంది. నెల తిరగకుండానే సంతకాలు చేసినవారు రెండు వర్గాలుగా చీలిపోయారు, వినతిపత్రం మూలన పడింది. జీతాల పట్టీ రాసేది నేనే కనుక, వలస కార్మికులకు అందరికంటే తక్కువ ముడుతోందని, ఆ కూలి నిర్ణయించింది యాజమాన్యమేనని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. ఆ మౌనం నన్ను ఈనాటికీ బాధిస్తోంది.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల గురించి నల్లజాతి చరిత్రకారుడు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1935లో రాసినది చదివాక ఆ రోజులు నాకు అర్థమయ్యాయి. తెల్లజాతి కార్మికులకు దక్కే కూలి తక్కువే అయినా, నల్లజాతివారికి లేని సామాజిక గౌరవం వారికి ఒక మానసిక వేతనంలా ముట్టేదని ఆయన వివరించారు. మా కార్మికులకు కూడా పెరగని జీతానికి బదులుగా "ఈ దేశం నీది" అన్న మాట దక్కింది. రోజూ అవమానాలు పడే మనిషికి అది చిన్న విషయం కాదు కనుకనే నేను వారిని నిందించలేను.

ఇలాంటి ద్వేషం వల్ల లాభపడేవారు కూడా ఉంటారు. 1942లో, జపాన్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు, అమెరికా ప్రభుత్వం దేశ భద్రత పేరుతో దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు, వారితో వ్యవసాయంలో పోటీ పడుతున్న కొన్ని సాగుదారుల సంఘాలు ఆ తరలింపును బాహాటంగానే కోరాయి. నిర్బంధితుల్లో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవారికి తలా 20,000 డాలర్ల పరిహారం ప్రకటించినా, చాలామంది పోగొట్టుకున్న భూములు, వ్యాపారాలు తిరిగి రాలేదు.

మా కర్మాగారంలోని వలస కార్మికుల్లో చాలామంది ఆ ఏడాదే పని మానేసి వెళ్లిపోయారు. మిగిలినవారి కూలి మాత్రం మరో రెండేళ్ల దాకా పెరగలేదు.