‘నేను ఒక వైఫల్యాన్ని’ అని ఎవరైనా అనుకుంటారా?

సందేహం: డిప్రెషన్‌లో వచ్చే ఆలోచనలను కొలిచే ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి తెస్తున్నాం. ‘ఐ యామ్ ఎ ఫెయిల్యూర్’కు ‘నేను ఒక వైఫల్యాన్ని’ అని రాశాం. దాన్ని వేరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పిస్తే అసలు వాక్యమే వచ్చింది. కానీ చదివినవాళ్లు తెల్లమొహం వేస్తున్నారు. వ్యాకరణం తప్పిందా? డిప్రెషన్‌కు ‘నిస్పృహ’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: వ్యాకరణం తప్పలేదు. ‘నేను మనిషిని’ ఎలాగో ఇదీ అలాగే. చిక్కల్లా ‘వైఫల్యం’తోనే. ఇంగ్లీషులో ఫెయిల్యూర్ అంటే ఓటమీ, ఓడిన మనిషీ. మన వైఫల్యం పథకాలకూ ప్రభుత్వాలకూ సరిపోతుంది గానీ మనిషికి అతకదు. తిరుగు అనువాదంలో నెగ్గిందంటారా, తెలుగు లిపి తొడుక్కున్న ఇంగ్లీషు వాక్యం ఇంటిదారి మరిచిపోతుందా!

మనస్తత్వవేత్తలు హోలన్, కెండాల్ 1980లో ప్రచురించిన ప్రశ్నావళిలో ఇలాంటి ఆలోచనలు 30 ఉంటాయి. గత వారంలో ఒక్కొక్కటి ఎంత తరచుగా మెదిలిందో 1 నుంచి 5 వరకు గుర్తించాలి. కాబట్టి వాక్యం అర్థమైతే చాలదు, మనిషి లోలోపల ఆ మాటే అనుకుంటూ ఉండాలి. మనవాళ్లు అనుకునేది ‘నేను దేనికీ పనికిరాను’ అని. ‘పనికిమాలినవాణ్ణి’ అంటే ఆడవాళ్ల కోసం ‘పనికిమాలినదాన్ని’ అని ఇంకో కాగితం అచ్చువేయాలి. ‘పనికిరాను’తో ఆ టెన్షన్ లేదు, ‘నేను’ పక్కన వచ్చే క్రియకు ఆడా మగా తేడా ఉండదు.

సహజంగా ఉంది కదా అని ‘నా ఖర్మ’ మాత్రం పెట్టకండి. అన్నం మాడినా బస్సు తప్పినా అనే మాట అది. హాయిగా ఉన్నవాళ్లూ 5 పెట్టేస్తారు. పైగా అందులో నింద తలరాత మీద, తన మీద కాదు. ‘నేను బతికి ఏం లాభం’ దీనికి పూర్తిగా ఎదురు, మరీ బరువు. డిప్రెషన్‌ను కొలిచే మరో ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో తనను తాను తక్కువ చేసుకోవడం 6వ ప్రశ్న, చావు ఆలోచన 9వది. 6వ దాంట్లో ఈ మాట వాడితే 9కి జారిపోతుంది.

ఇక నిస్పృహ. భగవద్గీత రెండో అధ్యాయంలో ‘నిఃస్పృహః’ అంటే కోరికలు వదిలి శాంతి పొందినవాడు. తెలుగుకొచ్చేసరికి ఆశ చచ్చినవాడయ్యాడు. చింత, విచారం కూడా సంస్కృతంలో ఆలోచనలే, మన దగ్గర దుఃఖాలు. జింబాబ్వేలో షోనా భాషవాళ్లు ఇలాంటి బాధను ‘కుఫుంగిసిసా’ అంటారు, అతిగా ఆలోచించడం అని. మన విచారానికి దూరపు చుట్టమన్నమాట.

పత్రికలకు నిస్పృహ బాగానే ఉంటుంది, రోగి నోట రాదు. శీర్షికలో ‘కుంగుబాటు’ ఉంచి, ప్రశ్నల్లో ‘దిగులుగా ఉంటోందా’ అని అడగండి. మా అమ్మయితే ‘బెంగ’ అనేది. కానీ బెంగ పెట్టుకోవడానికి సాధారణంగా ఎవరో దూరమై ఉండాలి. ‘ఏమిటో దిగులుగా ఉంది’ అనడానికి ఎవరూ ఏ ఊరూ వెళ్లనక్కర్లేదు.