బావకు షుగరుందని ఫారంలో రాయించు, ప్రీమియం సంగతి తర్వాత

నాయనా,

మా అక్కయ్యకూ బావకూ అమెరికా వీసా వచ్చిందని తెలిసి చాలా సంతోషమైంది. పాప పురుటి వేళకు అమ్మానాన్నా పక్కనుంటారు, అంతకంటే ఏం కావాలి. ఇక నువ్వడిగిన సంగతి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలా వద్దా అంటే, వీళ్ళిద్దరి విషయంలో తీసుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఫోన్లో కనబడ్డ అన్నిటికంటే చవకదాన్ని నొక్కేసి చేతులు దులుపుకుంటే మాత్రం ఆ డబ్బు దండగే. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

బావ ఏమంటాడో నాకు తెలుసు. నెలనెలా అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు పోయే మనిషిని, నాకేమవుతుంది, స్వామి చూసుకుంటాడు అంటాడు. స్వామి చల్లగా చూడాలనే నేనూ రోజూ దణ్ణం పెట్టుకుంటున్నా. కానీ బావకు అరవై దాటాయి, ఎన్నో ఏళ్ళుగా షుగరు, పొద్దున్నే బీపీ మాత్ర. ఇక్కడైతే అర్ధరాత్రి గుండెలో నొప్పి అన్నా ఏదో ఒక బండి ఎక్కించి స్విమ్స్‌కో రుయాకో తీసుకుపోతాం, ఖర్చు ఎంతయినా ఎలాగో సర్దుకుంటాం. అక్కడ అలా కుదరదు. అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సుకే వేరుగా బిల్లు. ఎమర్జెన్సీలో డబ్బు లేదని వెనక్కి పంపరు, 1986లో అమెరికా వాళ్ళు చేసిన చట్టం ప్రకారం ముందు చూసి మనిషి నిలదొక్కుకునేదాకా వైద్యం చెయ్యాలి, నిజమే. కానీ బిల్లు మాఫీ కాదు, తర్వాత ఇంటికొస్తుంది. స్టెంట్ వేసి నాలుగు రోజులు ఉంచుకుంటే లక్ష డాలర్ల దరిదాపుల్లోకి పోవడం అక్కడ వింతేమీ కాదు. అది చివరికి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు, పాపా అల్లుడూ చూస్తూ ఊరుకోరు కదా.

పాప కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నల్ని చేర్చడం సాధారణంగా కుదరదు. నువ్విక్కడ కడుతున్న ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకున్న ఆరోగ్య పాలసీ, మామూలుగా ఇండియా దాటితే పని చెయ్యదు. క్రెడిట్ కార్డుతో ఉచితంగా వస్తుందంటున్నావే, దాని షరతులు చదివావా? ఆ వయసువాళ్ళకు, ఉన్న జబ్బులకు అందులో ఏమీ దక్కకపోవచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

అసలు విషయానికొస్తా. నేను ఇన్సూరెన్స్ ఆఫీసు క్లెయిమ్స్ సెక్షన్లో కూర్చున్నన్నాళ్ళూ చూసింది ఏమంటే, ఫైలు తిరగ్గొట్టేది ఎక్కువగా ఒకే చోట. పాలసీ కోసం మనం నింపిచ్చే ప్రపోజల్ ఫారంలో, ముందునుంచి ఏమైనా జబ్బులున్నాయా అని ఒక గడి ఉంటుంది. ఏజెంటు పని తొందరగా అయిపోతుందని 'లేదు' అని టిక్కు పెట్టేస్తాడు, లేకపోతే ఇంట్లోవాళ్ళే ప్రీమియం పెరుగుతుందని దాచిపెడతారు. ఆరు నెలలకు ఆ ఇంటిపెద్ద అక్కడ ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. నర్సు వచ్చి ఏ మందులు వాడుతున్నారు అని అడిగితే ఆయన షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్, పన్నెండేళ్ళుగా వాడుతున్నా అని నిజాయితీగా చెప్తాడు, చెప్పాలి కూడా. అదే డిశ్చార్జ్ సమ్మరీ మొదటి పేజీలో అచ్చవుతుంది. ఆ కాగితం ఒక పక్క, 'లేదు' అన్న టిక్కు ఇంకో పక్క బల్ల మీద పెట్టుకుంటే ఇక కంపెనీ వెతకాల్సింది ఏమీ లేదు. అలాంటి ఇంటివాళ్ళు మా ఆఫీసు బెంచీ మీద కూర్చుని ఏడవడం చూశాను. బావ విషయంలో అలా జరగకూడదు. కాబట్టి షుగరు, బీపీ, అక్కయ్య థైరాయిడు, ఆమెకు ఎప్పుడో అయిన గాల్ బ్లాడర్ ఆపరేషన్, అన్నీ రాయించు. ప్రీమియం పెరిగితే పెరగనీ. ఒక కంపెనీ మేము ఇవ్వం అంటే ఇంకో కంపెనీని అడుగుదాం, ఇక్కడే తెలిసిపోవడం మంచిది.

రాయించాక కూడా కవర్ అవుతుందని అనుకోవద్దు. మన దేశపు పాలసీల్లో చాలా వాటిలో పాత జబ్బు వల్ల వచ్చిన ఇబ్బందికి ప్రాణం మీదకొచ్చినప్పుడే డబ్బులిస్తారు, అదీ మనిషి నిలదొక్కుకునేదాకానే, కొన్నిట్లో దానికి వేరే తక్కువ పరిమితి. అమెరికా కంపెనీలు విజిటర్స్ కోసం అమ్మేవాటిలో 'అక్యూట్ ఆన్‌సెట్' అని ఒక మాట ఉంటుంది, పాత జబ్బు హఠాత్తుగా తిరగబెడితే, 24 గంటల లోపు ఆసుపత్రికి చేరితే డబ్బులిస్తామని దాని లెక్క. డెబ్బై దాటినవాళ్ళకు ఈ సౌకర్యం చాలా పాలసీల్లో ఉండదు, బావకు ఇంకా ఆ వయసు రాలేదు కాబట్టి సరిపోల్చి చూడు. అక్కడివాటిలో ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకం చవకగా వస్తుంది కానీ డాక్టరుకు ఇంత, గదికి ఇంత అని లెక్కగట్టి ఇచ్చి మిగతాది మననే కట్టుకోమంటారు. దాని జోలికి పోవద్దు. అలా ముక్కలు చెయ్యకుండా అసలు బిల్లును బట్టి పాలసీ పరిమితి దాకా ఇచ్చే కాంప్రెహెన్సివ్ అన్నదే చూడు.

మొత్తం ఎంత తీసుకోవాలని అడిగితే, అమెరికాకు 50 వేల డాలర్లు నా దృష్టిలో చాలదు, రెండున్నర లక్షల డాలర్లకు తగ్గొద్దు. ఆ పెద్ద అంకె చూసి మురిసిపోకుండా లోపల సబ్ లిమిట్లున్నాయేమో చూడు. అరవై దాటినవాళ్ళకు గది అద్దెకు ఇంత, సర్జన్‌కు ఇంత అని కోసేసే పాలసీలున్నాయి, పైన ఎంత రాసున్నా చేతికొచ్చేది ఆ లోపలి అంకె ప్రకారమే. డిడక్టిబుల్ అంటే ప్రతి క్లెయిములో మొదట మనం పెట్టుకోవాల్సిన మొత్తం, అది వంద డాలర్లయినా, ఇంకొంచెం ఎక్కువైనా పరవాలేదు, అక్కడ కక్కుర్తి వద్దు. మన భయం పెద్ద బిల్లు గురించి కదా.

పెట్టె పోవడం, ఫ్లైటు లేటవడం, వీటి కోసం పాలసీ ఎంచుకోవద్దు. పెట్టె రాకపోతే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ఒక పరిమితి దాకా విమానం వాళ్ళే బాధ్యులు, మన దేశం 2009లో అందులో చేరింది. ఎయిర్‌పోర్టు దాటకముందే వాళ్ళ కౌంటర్లో ఫిర్యాదు రాయించి ఆ కాగితం తీసుకోమని చెప్పు, అంతే.

నీ సింగపూర్ ట్రిప్పు వేరే లెక్క. ముప్ఫై లోపు వయసు, జబ్బుల్లేవు, ఐదు రోజులు. తీసుకుంటే కొద్ది వందల్లో అయిపోతుంది, మనశ్శాంతిగా ఉంటుంది, తీసుకోకపోతే కోప్పడను. ఎప్పుడైనా యూరప్ పోతే మాత్రం నీ ఇష్టానికి వదలరు, అక్కడి చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్యం ఖర్చు భరించే పాలసీ చూపించాలి. అమెరికా వీసాకు ఆ నిబంధన లేదు కాబట్టే మనవాళ్ళు చాలామంది ఉత్త చేతులతో విమానం ఎక్కేస్తున్నారు, నాకు దిగులు అక్కడే.

ఇన్సూరెన్స్ ఇవ్వనివి ఇక్కడే ముగించు. మామూలు చెకప్‌లు, రోజువారీ మాత్రలు, కళ్ళద్దాలు వాళ్ళు భరించరు. బయల్దేరే ముందు ఇద్దరికీ రక్తపరీక్షలూ ఈసీజీ చేయించు. అక్కయ్య ఆ కదిలే పన్ను సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. అక్కడుండే రోజులకు సరిపడా మాత్రలు, డాక్టరు ఇంగ్లీషులో మందు అసలు పేరుతో రాసిచ్చిన చీటీతో సహా, చేతి సంచీలోనే పెట్టించు. పాలసీ నంబరు, సాయానికి పిలవాల్సిన ఫోన్ నంబరు కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి బావ జేబులో ఒకటి, అక్కయ్య పర్సులో ఒకటి ఉంచు, ఫోన్లో ఉంది కదా అంటే ఒప్పుకోను. ఆసుపత్రిలో చేరగానే ఆ నంబరుకు చెప్పాలని పాపకు కూడా గట్టిగా చెప్పు, ఆలస్యమైతే క్యాష్‌లెస్, అంటే కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టే వీలు, దొరక్క మొత్తం మనవాళ్ళే ముందు కట్టుకోవాల్సి రావచ్చు. ఉండే రోజులు పెరిగేలా ఉంటే గడువు ముగియకముందే పొడిగించాలి, ముగిశాక అడిగితే లాభం లేదు. మన దేశపు పాలసీ అయితే చెన్నైలో విమానం ఎక్కకముందే తీసుకోవాలి.

ఇంత చేసినా ఇక్కడి కంపెనీ అన్యాయంగా తిరగ్గొడితే ఊరుకోవాల్సిన పని లేదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు, ఆపైన హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి, దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆ రోజు మన చేతిలో ఉండాల్సింది నిజం రాసిన ఫారం కాపీ, కాబట్టి దాన్ని స్కాన్ చేసి నాకూ పంపు.

నీకు నచ్చిన రెండు మూడు పాలసీల బ్రోచర్లు వద్దు, పాలసీ వర్డింగ్స్ అని ఉండే పెద్ద పత్రం ప్రింటు తీయించి పెట్టు. ఆదివారం పొద్దున చిత్తూరు నుంచి బస్సెక్కి వస్తా, బావ పక్కనే కూర్చుని చదివి వినిపిస్తా. అప్పటిదాకా ఎవరొచ్చి అడిగినా సంతకం పెట్టించొద్దు.

మీ మామ