ఆసిడ్ సీసా పక్కన పెట్టండి: బెంగళూరు పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నేల గురించే. టైల్స్ వేరు, ఎర్ర గచ్చు వేరు, సోఫా వేరు. అయినా చెడగొట్టిన తీరు మాత్రం ఒకటే. మరక పడగానే ఏది పోస్తే పోతుందా అని వెతుకుతున్నాం, కింద ఉన్నది ఏ రాయి, ఏ బట్ట అని చూడటం లేదు. ముందు చూడాల్సింది అదే.

*మా ఫ్లాట్‌లో విట్రిఫైడ్ టైల్స్. వాడకానికి బోరు నీళ్లు, చాలకపోతే ట్యాంకరు. ఎంత తుడిచినా ఆరాక తెల్లటి పొర కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఒకరి సలహాతో ఆసిడ్ పోసి రుద్దించాం. రెండు రోజులు మెరిశాయి, తర్వాత మళ్లీ అంతే. పైగా టైల్స్ సందుల్లోంచి ఇసుకలా రాలుతోంది. ఇంకోసారి ఆసిడ్ పెట్టించమంటారా?* — మారతహళ్లి

వద్దు. ఆ రాలుతున్న ఇసుక మీ టైల్స్ సందుల్ని నింపే గ్రౌట్. అది సిమెంటుతో చేసింది. ఆసిడ్ సిమెంటులోని సున్నాన్ని కరిగించేస్తుంది, మిగిలిన ఇసుక చీపురికి వస్తుంది. ఇంకో రెండుసార్లు పోస్తే సందులు గుంతలవుతాయి. వాటిలోంచి తుడిచే నీళ్లు టైల్ కిందికి దిగి, అడుగున ఉన్న సిమెంటు కూడా వదులవుతుంది. బాత్రూములో అయితే కింది ఇంటి సీలింగుకి చెమ్మ పడుతుంది.

ఇక తెల్ల పొర సంగతి. అది రెండు రకాలుగా వస్తుంది, మందు రెండింటికీ ఒకటి కాదు. ఒక మూల అరచేతంత చోట వేడినీళ్లలో ముంచి పిండిన బట్టతో గట్టిగా తుడిచి ఆరనివ్వండి. ఆ చోటు మాత్రం శుభ్రంగా కనిపిస్తే అది ఫ్లోర్ క్లీనర్ మడ్డి. బోరు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిస్తే నీటిలో కరగని జిడ్డుగా మారి నేలకి అంటుకుంటుంది. బకెట్‌లో ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ అంటుతుంది. మూతతో కొలవకుండా చేతి అంచనాతో వంపడమే దీనికి కారణం. సీసా మీద రాసిన కొలత కన్నా ఒక్క చుక్క ఎక్కువ వద్దు. వారం రోజులు ఏ క్లీనరూ లేకుండా గోరువెచ్చని నీళ్లతో రెండేసి సార్లు తుడిపించండి, ప్రతి గదికీ నీళ్లు మార్చండి. ఆ పొర దానంతటదే తగ్గుతుంది.

వేడినీళ్లకు కదలకపోతే అది ఉప్పు పెచ్చు. గీజరు కాయిల్‌కి పట్టేది కూడా ఇదే. దీనికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్ పొడి) చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లకు ఒక పెద్ద చెంచా (దాదాపు 15 గ్రాములు) కలపండి. ముందు నేలనంతా మామూలు నీళ్లతో తడపండి. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు, కానీ గ్రౌట్‌ని కాపాడేది ఇదే: సందులు ముందే నీళ్లు పీల్చుకుని ఉంటే నిమ్మ ఉప్పు నీళ్లు లోపలికి దిగవు. తర్వాత ఆ నీళ్లు పట్టించి, 5 నిమిషాలకు మించకుండా ఉంచి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, పొడి బట్టతో తుడిచేయండి. నేల తనంతట తాను ఆరితే ఆ బోరు నీళ్లలోని ఉప్పే మళ్లీ తెల్లగా తేలుతుంది. కావేరి నీళ్ల కొళాయి ఉంటే చివరి తుడుపు ఆ నీళ్లతో చేయండి, తేడా అప్పుడే కనిపిస్తుంది.

రాలిన సందుల్ని స్క్రూడ్రైవర్ మొనతో 2, 3 మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము తీసి, కొత్త గ్రౌట్ పట్టించండి. బాత్రూముకి ఎపాక్సీ గ్రౌట్ అడగండి. ధర ఎక్కువే కానీ నీళ్లు పీల్చదు, నిమ్మ ఉప్పుకి చెక్కుచెదరదు.

ఒక హెచ్చరిక. ఈ నిమ్మ ఉప్పు నీళ్లు టైల్స్‌కి మాత్రమే. పాలరాయి, కడప బండ, షాబాద్ బండ, తాండూరు బండ అన్నీ సున్నపు రాళ్లే. వాటి మీద నిమ్మకాయ, వెనిగర్, చింతపండు ఏది పడినా మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. అది మరక కాదు, రాయి కరిగిన గుర్తు. ఏ క్లీనరుకీ పోదు, పాలిష్ మిషనుతోనే పోతుంది. మీ రాయి ఏదో తెలియకపోతే కనపడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి రెండు నిమిషాలు చూడండి. బుడగలు లేచినా, మెరుపు తగ్గినా సున్నపు రాయి. గ్రానైట్ అయితే సాధారణంగా ఏమీ కాదు.

*మల్లేశ్వరంలో మా అమ్మమ్మగారి పాత ఇల్లు. ఎర్ర గచ్చు అద్దంలా ఉండేది. అద్దెకున్నవాళ్లు బ్లీచింగ్ పౌడరు వేసి కడిగారు. ఇప్పుడు తెల్లటి మచ్చలు. దాని మీద టైల్స్ వేయించేయమంటున్నారు. బాగుపడే దారి ఉందా?* — మల్లేశ్వరం

టైల్స్ వేయించకండి, అంత తొందర అక్కర్లేదు. అలా గచ్చు పోసి నున్నగా తోమగల మేస్త్రీలు ఇప్పుడు అరుదు. ఒకసారి కప్పేస్తే మళ్లీ రాదు.

ఎర్ర గచ్చు అంటే సిమెంటులో ఐరన్ ఆక్సైడ్ పొడి కలిపి తాపీతో రుద్ది నునుపు చేసింది. ఆ రంగు బ్లీచింగుకీ ఎండకీ వెలిసిపోదు. తెల్లబడ్డది రంగు కాదు, పైకి తేలిన ఉప్పు. బ్లీచింగ్ పౌడరులో సున్నం కూడా ఉంటుంది, అది కూడా ఆరి పొరగా మిగులుతుంది. పాత ముగ్గు పిండి కూడా కలిసి ఉండొచ్చు.

అయితే ఆ ఉప్పు పై నుంచి పడిందా, కింది నుంచి వస్తోందా అన్నది ముందు తేల్చాలి. అడుగున్నర చదరం పాలిథిన్ కాగితాన్ని మచ్చ మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అతికించండి. ఒక పగలూ రాత్రీ ఉంచి తీయండి. కాగితం అడుగున నీటి బిందువులు ఉంటే నేలలోంచి చెమ్మ వస్తోందన్నమాట. పెరటి కాలువ, గోడలో పైపు లీకు, ఇంటి చుట్టూ ఎత్తు పెంచేసిన మట్టి, వీటిలో ఏదో సరిచేసేదాకా పైన ఎంత శ్రమపడ్డా మచ్చలు తిరిగి వస్తాయి.

కాగితం పొడిగా ఉంటే పని తేలిక. ముందు పొడి బ్రష్‌తో రుద్ది పొడిని ఊడ్చేయండి. నీళ్లు పోయకండి, పోస్తే ఉప్పు కరిగి మళ్లీ గచ్చులోకే వెళ్తుంది. తర్వాత గట్టిగా పిండిన తడిబట్టతో ఒకసారి తుడిచి రెండు రోజులు బాగా ఆరనివ్వండి. ఆ తర్వాత పది అడుగుల చదరం గదికి రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనె, అంతే. పాత నూలుచీర ముక్కకి నూనె పట్టించి పల్చగా రాసి, అరగంట తర్వాత ఇంకో పొడి ముక్కతో చేతికి జిడ్డు అంటనంత వరకు రుద్దాలి. నూనె ఎక్కువైతే మెరుపు రాదు, దుమ్ము పట్టి నల్లబడుతుంది, పెద్దవాళ్లు కాలు జారతారు. ఆ రాత్రికి గది తలుపు మూసి ఉంచండి. చెమ్మ ఉన్న నేలకి మాత్రం నూనె గానీ వాక్స్ గానీ రాయొద్దు, లోపలి తడి బయటికి వెళ్లే దారి మూసుకుపోయి పై పొర పెచ్చులూడుతుంది.

రోజూ తుడవడానికి మామూలు నీళ్లు చాలు. ఆసిడ్, వెనిగర్, సోడా ఏదీ వద్దు.

*క్రీమ్ రంగు బట్ట సోఫా మీద సాంబారు ఒలికింది. వెంటనే సబ్బు నీళ్లతో తుడిస్తే పసుపు మరక ఎర్రగా మారింది! ఇప్పుడేం చేయాలి?* — బీటీఎం లేఔట్

కంగారు పడకండి, బట్ట పాడవలేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, ఇదీ అంతే. సబ్బు, సోడా, సర్ఫు అన్నీ క్షారాలు. పసుపులోని రంగు వాటికి తగిలితే ఎరుపెక్కుతుంది.

సోఫా అడుగునో కుషన్ లోపలో ఉన్న లేబుల్ మొదట చూడండి. డబ్ల్యూ అని ఉంటే నీళ్లు పట్టించొచ్చు, ఎస్ అంటే నీళ్లు వద్దు, డ్రైక్లీనింగ్ మందులే. రెండూ ఉంటే రెండూ సరే. ఎక్స్ ఉంటే వాక్యూమ్ తప్ప ఇంకేమీ వద్దు. నీళ్లు పట్టే బట్టే అయితే గ్లాసు నీళ్లలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి, బట్ట ముంచి పిండి, మరక మీద అద్దండి. రుద్దకండి. ఎరుపు పోయి మళ్లీ పసుపు అవుతుంది.

సాంబారులో నూనె కూడా ఉంటుంది కాబట్టి తడి ఆరాక కార్న్‌ఫ్లోర్ చల్లి గంటసేపు ఉంచి వాక్యూమ్ చేయండి. పసుపు రంగు నీటిలో దాదాపు కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ని సోఫా వెనకవైపు కనపడని చోట ముందు పరీక్షించి, రంగు వదలకపోతే దూదితో మరక అంచు నుంచి మధ్యకు అద్దండి. దూది పసుపెక్కగానే మార్చండి, లేదంటే తీసిన రంగునే మళ్లీ పూసినట్టు. స్పిరిట్ ఆవిరి అంటుకుంటుంది. దీపం, అగరొత్తి, గ్యాస్ పొయ్యి ఏవీ దగ్గర వెలుగుతూ ఉండకూడదు.

మిగిలిన లేత పసుపుకి మందు ఎండే. కవరు ఊడితే రెండు మూడు రోజులు నేరుగా ఎండలో వేయండి. ఊడకపోతే సోఫాని కిటికీ దగ్గరకు జరపండి. ఆ రంగు వెలుతురుకి నిలవదు. ఏం చేసినా ఫోమ్ దాకా తడవనివ్వకండి. బెంగళూరు వానాకాలంలో తడిసిన ఫోమ్ రోజుల తరబడి ఆరదు, లోపల బూజు పట్టి వాసన వస్తుంది. తడిసిపోయిందంటే పొడి తువ్వాలు వేసి చేతులతో నొక్కి నీళ్లు లాగి, ఫ్యాన్ పూర్తి వేగంలో పెట్టండి.

*రెక్సిన్ సోఫా పొట్టులా ఊడిపోతోంది. ఏం రాయాలి?* — కేఆర్ పురం

ఏం రాసినా అతుక్కోదు. గాలిలోని తేమకి పైనున్న పాలియురేథేన్ పొర విడిపోతోంది. చట్రం, ఫోమ్ బాగుంటే గుడ్డ మార్పించండి. క్రీములు, పాలిష్‌ల మీద డబ్బు పెట్టకండి.

*బాత్రూములో ఆసిడ్ పోసి, మరకలు పోలేదని దాని మీదే బ్లీచింగ్ చల్లింది మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి. ఘాటుకి దగ్గొచ్చి బయటికి పరిగెత్తింది. రెండూ శుభ్రం చేసేవే కదా, ఎందుకలా అయింది?* — యలహంక

ఈ ఉత్తరం మమ్మల్ని చాలా కలవరపెట్టింది. ఆమె పీల్చింది క్లోరిన్ వాయువు. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఉంటుంది, బ్లీచులో హైపోక్లోరైట్ ఉంటుంది. రెండూ కలిసిన క్షణంలోనే వాయువు పుడుతుంది. తలుపేసిన చిన్న బాత్రూములో అది నిమిషాల్లో ప్రమాదకరం అవుతుంది. బ్లీచులో వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ కలిపినా ఇదే జరుగుతుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనరు కలిస్తే క్లోరమైన్ అనే ఇంకో విషవాయువు. బ్లీచుని నీళ్లతో తప్ప దేనితోనూ కలపకూడదు.

అలా జరిగితే ఏదీ కడగడానికి ఆగకుండా అందరూ వెంటనే బయటికి రావాలి. క్లోరిన్ గాలి కన్నా బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది. కాబట్టి పిల్లల్ని ఎత్తుకోండి, ఎత్తైన చోటికి, గాలి ఆడే చోటికి వెళ్లండి. కళ్లు మండితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. దగ్గు తగ్గినా ఆ రోజంతా కనిపెట్టి ఉండండి, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వొచ్చు. మొదలైతే 108. ఆమెను ఒంటరిగా ఇంటికి పంపేయడం సరికాదు, డాక్టరుకి చూపించే ఖర్చు, బాధ్యత ఇంటివారివే.

బ్లీచు అవసరమైతే కొలత ఇది: 5 శాతం హైపోక్లోరైట్ ఉన్న ద్రావణమైతే లీటరు చల్లటి నీళ్లకు 20 మిల్లీలీటర్లు. 10 నిమిషాలు తడిగా ఉంచి కడిగేయండి. కలిపింది ఆ రోజుకే, మర్నాటికి బలం తగ్గుతుంది. ఒకే రోజు టాయిలెట్ క్లీనరు కూడా వాడాలనుకోకండి, ఒకరోజు ఇది, ఇంకోరోజు అది. రబ్బరు గ్లవ్స్ మీరే కొనివ్వండి. తలుపు తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచండి.

ఇంకొక మాట. బండి మీద, చిన్న కొట్లలో పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి అమ్మే ఆసిడ్ కొనకండి. ఆసిడ్ చిల్లర అమ్మకానికి గుర్తింపు కార్డు, రిజిస్టరు ఉండాలని 2013లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. లేబుల్ లేని సీసా ఫ్రిజ్ పక్కన ఉంటే దాహం వేసిన పిల్లాడికి అది షర్బత్తే. ఒకవేళ మింగితే వాంతి చేయించకూడదు, దిగేటప్పుడు కాలిన గొంతు ఎక్కేటప్పుడు మళ్లీ కాలుతుంది. ఉప్పు నీళ్లు తాగించడం, గొంతులో వేళ్లు పెట్టడం వద్దు. నోరు తుడిచి, పుక్కిలించి ఉమ్మించి, ఆ సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి.

*బట్టల బీరువాలో కలరా ఉండలు వేస్తాం. ఇంట్లో పసిబిడ్డ ఉంటే పర్వాలేదా?* — వైట్‌ఫీల్డ్

వేయకండి. అవి నాఫ్తలీన్. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఆ వాసన పట్టిన బట్టలు చుట్టినా ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు రావొచ్చు. లోపం ఉందో లేదో చాలా ఇళ్లలో తెలియదు. ఉన్న బట్టలు ఉతికి ఎండేసి తొడగండి. పురుగులకు ఎండిన వేపాకు మూట, నెలకోసారి బీరువా ఖాళీ చేసి ఎండ చూపించడం చాలు.

*పగిలిన సీఎఫ్ఎల్ బల్బు చీపురుతో ఊడ్చి తడి చెత్తలో వేశాం. తప్పా?* — జేపీ నగర్

అందులో కొద్దిగా పాదరసం ఉంటుంది. చీపురు, వాక్యూమ్ దాన్ని గాలిలోకి లేపుతాయి. ఫ్యాన్, ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, పావుగంట గదిలోంచి బయటికి వెళ్లండి. గ్లవ్స్ వేసుకుని గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది తీసి, తడిబట్టతో తుడిచి, అంతా మూత బిగిసే సీసాలో పెట్టండి. సీఎఫ్ఎల్, ట్యూబ్‌లైటు, పాత బ్యాటరీలు, గడువు తీరిన మందులు, పురుగుమందు డబ్బాలు ఇంటి ప్రమాదకర చెత్త కిందికి వస్తాయి. ఆ సీసా మీద ఏముందో రాసి, చెత్త బండికి విడిగా, చేతికి ఇవ్వండి.