మెడికల్ బోర్డు రాసిన ఆ ఒక్క వాక్యమే మీ కేసు

ప్రశ్న: సైన్యంలో 22 ఏళ్లు పనిచేసి 2014లో హవల్దారుగా విడుదలయ్యాను. చేరినప్పుడు ఏ జబ్బూ లేదు. విడుదల సమయంలో మెడికల్ బోర్డు అధిక రక్తపోటు వల్ల నాకు జీవితాంతం 30 శాతం వైకల్యం ఉందని తేల్చింది. అయితే అది సర్వీసు వల్ల వచ్చింది కాదని రాయడంతో వైకల్య పింఛను ఇవ్వలేదు. అప్పట్లో అప్పీలు చేసుకోలేదు. నిరుడు గుండెపోటు వస్తే దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్చారు. అది ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) జాబితాలో లేదని బిల్లు తిప్పి పంపారు. ఇప్పుడేమైనా చేయవచ్చా? నా తరువాత నా భార్యకు ప్రత్యేక కుటుంబ పింఛను వస్తుందా?
- ఒక మాజీ సైనికుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: హవల్దారు గారూ, తిరస్కరణ ఉత్తరంలో అప్పీలుకు ఆరు నెలల గడువు చూసి, అది దాటిపోయింది కదా అని ఊరుకున్నవారు మీ జిల్లాలోనే ఎందరో ఉంటారు. పింఛను నెలనెలా అందాల్సిన హక్కు. అది అందని ప్రతి నెలా అన్యాయం కొనసాగుతున్నట్టే లెక్క. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. ఆలస్యం వల్ల హక్కు పోదు గానీ బకాయిలు తగ్గుతాయి. సాధారణంగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ల వరకే ఇస్తారు.

ముందుగా విడుదల మెడికల్ బోర్డు కాగితాలు, ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అనే ఫారం, సంపాదించండి. మీ దగ్గర లేకపోతే మీ సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్స్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలే. అందులో వైకల్య శాతం కంటే, జబ్బుకు సర్వీసుతో సంబంధం ఎందుకు లేదో చెప్పే గడి ముఖ్యం. చాలా ఫారాల్లో అక్కడ 'శాంతి ప్రాంతంలో మొదలైంది' అనో, 'శరీర తత్వానికి సంబంధించిన జబ్బు' అనో ఒక్క ముక్క ఉంటుంది. ఇరవై రెండేళ్ల సర్వీసును ఆ ఒక్క ముక్కతో కొట్టిపారేస్తారు.

2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది సరిగ్గా ఇలాంటి ధోరణినే. భర్తీ సమయంలో జబ్బు నమోదు కాకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. ఆ తరువాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని నిరూపించే భారం ప్రభుత్వానిది. బోర్డు కారణాలు రాయాలి. 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసులోనూ ఇదే మాట. అయితే అవతలి వాదన కూడా వినండి. మీకు వర్తించేవి వైకల్య పింఛను అర్హతను తేల్చే 2008 నాటి నిబంధనలు. జబ్బు సర్వీసులో బయటపడినంత మాత్రాన సర్వీసు వల్ల వచ్చినట్టు కాదని వాటిలో ఉందని ప్రభుత్వ న్యాయవాది తప్పకుండా ఎత్తిచూపుతారు. అందుకే పాత తీర్పులు జతచేసి చేతులు కట్టుకుని కూర్చోవద్దు. అదే ఫారంలో మీ పోస్టింగుల పట్టిక ఉంటుంది. రక్తపోటు మొదట నమోదైన తేదీని దాని పక్కన పెట్టి చూడండి. అంతకు ముందు ఏడాదో రెండేళ్లో మీరు ఫీల్డ్ ఏరియాలోనో ఎత్తైన కొండ ప్రాంతంలోనో ఉంటే దాన్ని అప్పీలు మొదటి పేరాలోనే రాయండి. పొగతాగడం, అధిక బరువు, మందులు సరిగా వాడకపోవడం వంటివి బోర్డు రాసి ఉంటే అది మీకు ఇబ్బందే. న్యాయవాది దగ్గర దాచవద్దు.

తొందర పడాల్సిన కారణం ఇంకొకటి ఉంది. విడుదలైన 15 ఏళ్ల తరువాత, సర్వీసు రికార్డులు నాశనం చేశాక క్లెయిము పెడితే నిరూపణ భారం మాజీ సైనికుడి మీదే పడుతుందని అవే నిబంధనలు చెబుతున్నాయి. మీకు ఆ గీత 2029.

మొదటి అప్పీలును ఆలస్యానికి కారణం వివరిస్తూ రికార్డ్స్ ఆఫీసు ద్వారా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆరు నెలల్లో జవాబు రాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు జతచేయాలి. అక్కడ ఓడిపోయినా హైకోర్టులో రిట్ వేయవచ్చని 2023లో పరశోత్తమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

గెలిస్తే 30 శాతాన్ని 50గా లెక్కించమని కూడా అడగండి. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవారికీ ఈ సర్దుబాటు వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసు తేల్చింది. నూరు శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం ఇస్తారు. లెక్కకు వేతనం 40,000 అనుకుంటే, 30 శాతం వైకల్యానికి నెలకు 3,600, యాభైకి 6,000. అప్పీలులో అడగడం మరిచిపోతే ఆ తేడా వదులుకున్నట్టే.

ఆసుపత్రి బిల్లు సంగతి. అత్యవసరంలో జాబితాలో లేని ఆసుపత్రికి వెళ్లినంత మాత్రాన ఖర్చు నిరాకరించకూడదని 2018లో శివకాంత్ ఝా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం కేసు, అయినా సూత్రం మీకూ పనికివస్తుంది. ఆ రోజు మిమ్మల్ని ఏ స్థితిలో తెచ్చారో, మరో చోటికి తరలిస్తే ప్రాణానికి ముప్పు ఉండేదో లేదో రాసిన ధ్రువపత్రం ఆ ఆసుపత్రి నుంచి తీసుకోండి. 48 గంటల్లో ఆ పథకం పాలీక్లినిక్‌కు సమాచారం ఇచ్చారా అని అడుగుతారు. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేకపోయారో ఇంట్లోవారి చేత రాయించండి. ఇవన్నీ జతచేసి పాలీక్లినిక్ ద్వారా రీజనల్ సెంటర్‌కు వినతి పెట్టండి. అయితే బిల్లు మొత్తం వస్తుందని ఆశపడకండి. పథకం రేట్ల మేరకే ఇస్తారు.

మీ భార్యకు సాధారణ కుటుంబ పింఛను ఎలాగూ వస్తుంది. ప్రత్యేక కుటుంబ పింఛను దాని రెట్టింపు, చివరి వేతనంలో 60 శాతం. మరణ కారణం సర్వీసుతో ముడిపడితేనే అది ఇస్తారు. విడుదలై ఇన్నేళ్లయ్యాక ఆ ముడి చూపడం కష్టమే. కనీసం మీ రక్తపోటు సర్వీసు వల్లేనని ఇప్పుడు తేలితే ఆమె చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

అంతకంటే ముందు పింఛను ఉత్తర్వులో ఆమె పేరు సరిచూడండి. మన ఇంటి పేర్లు ముందూ వెనకా అవుతాయి. దూరపు రికార్డ్స్ ఆఫీసులో గుమాస్తా సత్యవతిని సత్యాదేవి చేసేస్తాడు. ఆధార్‌లో, బ్యాంకులో, రక్షణ శాఖ పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయంతో ఈ నెలలోనే సవరణకు పెట్టండి. మీరుండగా ఒక దరఖాస్తుతో అయిపోయే పని, తరువాత ఆమెను నెలల తరబడి తిప్పుతుంది.