హెచ్ఐవీ మీద రీసెర్చ్ చేస్తానంటే తప్పేముంది?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో హౌస్ సర్జన్సీ చేస్తోంది. గైనిక్ పీజీ చేయమంటే వద్దంటోంది. ఆడవాళ్లకు హెచ్ఐవీ సోకకుండా చూసే పరిశోధనలోకి వెళ్తుందట. సంబంధాలు వస్తున్నాయి. ఈ మాట తెలిస్తే ఎవరైనా ముందుకొస్తారా? గైనిక్ మేలా, రీసెర్చా? పోనీ అమెరికాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేయిస్తే?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: రెండూ పోల్చి చెప్తాను. కానీ మీరు జీతం గురించి ఒక్క ముక్క అడగలేదు, సంబంధాల గురించే అడిగారు. ఇలాంటి ఉత్తరాలు చాలా చదివాను. హెచ్ఐవీ పేరు వినగానే నలుగురూ ఏమనుకుంటారో అన్నదే మీ టెన్షన్.

మీ అమ్మాయి పరిశోధించాలనుకుంటున్నది కూడా సరిగ్గా ఆ భయాన్నే. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5 వేల మంది ఆడవాళ్లతో ‘వాయిస్’ అనే ట్రయల్ జరిగింది. హెచ్ఐవీ రాకుండా రోజూ మాత్ర వేసుకోవాలి, లేదా జెల్ వాడాలి. వాడుతున్నామనే దాదాపు అందరూ చెప్పారు. 2013లో ఫలితాలొచ్చాక చూస్తే, రక్తపరీక్షల్లో మందు ఆనవాళ్లు మూడో వంతు నమూనాల్లో కూడా లేవు. డబ్బా ఇంట్లో ఎవరి కంటయినా పడితే తమకే జబ్బుందనుకుంటారని చాలామంది భయపడ్డారు. మందుంది, మాట పడతామని మింగలేదు! అందుకే పరిశోధకులు ఎవరి కంటా పడని పద్ధతుల కోసం వెతికారు. ఆరు నెలలకోసారి వేసుకునే లెనకపవిర్ ఇంజెక్షన్ అలాంటి పద్ధతే. 2024లో దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో అది వేసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. దాని జెనెరిక్‌ను 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకే పేద దేశాలకు ఇస్తామని ముందుకొచ్చిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో మన హైదరాబాద్ కంపెనీలే.

ఇక పెళ్లి. మన దేశంలో హెచ్ఐవీని 1986లో మొదట బయటపెట్టింది మద్రాస్ మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ విద్యార్థిని నిర్మల, ఆమె గురువు డాక్టర్ సునీతి సోలమన్. నిర్మలకు అప్పటికే ఇద్దరు చిన్న పిల్లలు. సెక్స్ వర్కర్ల రక్తం నమూనాలు తీయడానికి ఆమె రిమాండ్ హోమ్‌కు వెళ్లాలంటే భర్తే స్కూటర్ మీద దింపేవారు. అలాంటి అల్లుణ్ని వెతకాల్సింది పోయి, అల్లుడి కోసం అమ్మాయి చదువే మార్చేస్తారా? ఇది ఆమెకు చేసే మేలు కాదండీ. ఆమెకే సోకుతుందేమోనన్న బెంగ కూడా ఉంటే ఒకటి ఆలోచించండి: రక్తంతో ఎక్కువ పని పడేది సిజేరియన్లు చేసే గైనిక్ డాక్టర్‌కే. అందుకు మీరు భయపడలేదు కదా.

అమెరికా ఎంపీహెచ్ సంగతి సూటిగా చెప్తాను, నాకు నమ్మకం తక్కువ. ఎంబీబీఎస్ అవగానే అప్పు చేసి ఎంపీహెచ్‌కు ఎక్కేయడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది. ఏ ప్రశ్న మీద పనిచేయాలో తెలియకుండా వెళ్లినవాళ్లకు డిగ్రీ, ఈఎంఐ రెండూ మిగులుతున్నాయి. పైగా ఈ రంగానికి పెద్ద పోషకుడు అమెరికాయే. 2025 జనవరిలో ఆ ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయడంతో ఆఫ్రికాలో హెచ్ఐవీ నివారణ ట్రయల్స్ కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి. ఇలాంటప్పుడు ఇల్లు తాకట్టు పెట్టి పంపించమని నేను చెప్పలేను. రెండు మూడేళ్లు ఇక్కడ పనిచేశాక, స్కాలర్‌షిప్ వస్తే వెళ్లనివ్వండి.

సంపాదనలో గైనిక్‌దే పైచేయి, అందులో దాపరికం లేదు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37 వేలు, హెచ్ఆర్ఏ అదనం. చదువు పూర్తయ్యేసరికి తోటివాళ్లు క్లినిక్ పెట్టేసుంటారు. అయితే గైనిక్ చదివినా రీసెర్చ్ తలుపు మూసుకుపోదు, ఇలాంటి ట్రయల్స్‌కు గైనిక్ డాక్టర్లూ కావాలి. అది ఇష్టం లేకపోతే మైక్రోబయాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ ఉన్నాయి. ఆ తర్వాత ముంబై పరేల్‌లో ప్రత్యుత్పత్తి ఆరోగ్యం మీద, పుణెలో ఎయిడ్స్ మీద పనిచేసే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థలున్నాయి. వైద్య పరిశోధనకు ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ అనే సంస్థ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది.

హౌస్ సర్జన్సీ అయ్యేలోపు తన ఆస్పత్రి ఐసీటీసీలో, గర్భిణులకు హెచ్ఐవీ పరీక్ష చేసేచోట, అనుమతి తీసుకుని కొన్నాళ్లు కౌన్సెలర్ పక్కన కూర్చోమనండి. ఆ తర్వాత కూడా ఇదే మాట అంటే పీజీ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు తననే పెట్టుకోనివ్వండి.