మిద్దె తోటకు అప్పెందుకు? ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

అనంతపురం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయన ఒక షోరూంలో అకౌంటెంట్. చేతికి వచ్చే జీతం 38,000. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, 63 ఏళ్ల అమ్మ. ఇంటి ఖర్చు, స్కూలు ఫీజులు, బండి ఈఎంఐ అన్నీ కలిపి నెలకు 27,000. చీటీకి 5,000 కడుతున్నారు, లక్ష రూపాయల చీటీ, ఇంకా 8 నెలలుంది. బ్యాంకులో 18,000 ఉన్నాయి. నాన్నగారు కట్టించిన పాత ఇంటి మిద్దె మీద కూరగాయల తోట వేయాలని ఆశ. ఇదివరకు మొక్కలు పెంచిన అలవాటు లేదు. వంద గ్రో బ్యాగులు (మట్టి నింపి మొక్కలు పెంచే సంచులు), ఇనుప స్టాండ్లు, డ్రిప్, ఎండ తగలకుండా పైన కట్టే షేడ్ నెట్ అన్నీ బిగించి ఇచ్చే ప్యాకేజీ లక్షన్నర అన్నారట. 2,000 అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. ‘కూరగాయలకే నెలకు 3,000 అవుతోంది. అది మిగిలితే ఈఎంఐ దాంట్లోనే వెళ్లిపోతుంది కదా! 16 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోమంటారా, భార్య నగలు కుదువ పెట్టమంటారా, చీటీ పాడుకోమంటారా?’ అని అడిగారు.

మూడూ వద్దు సార్. తోట వద్దని మాత్రం అనను.

మీ ఒక్కరికే జవాబు పంపి ఊరుకోకుండా ఇక్కడ రాయడానికి కారణముంది. ఈ లెక్క మీరొక్కరే వేయడం లేదు. పాలు అమ్మి కడతామని గేదె కొనేవాళ్లు, బ్లౌజులు కుట్టి కడతామని పెద్ద కుట్టుమిషన్ కొనేవాళ్లు కూడా ఇలాగే వేస్తారు. ఇంకా చేతికి రాని ఆదాయాన్ని వచ్చినట్టే రాసేసుకుని, దాని మీద అప్పు చేస్తారు. రాబడి ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అదే తేదీన ఖాతాలోంచి పోతుంది.

మీ అంకెలే చూద్దాం. లక్షన్నరకు 16 శాతం వడ్డీతో మూడేళ్లంటే ఈఎంఐ సుమారు 5,270. మొత్తం కట్టేది దాదాపు లక్షా తొంభై వేలు, అంటే వడ్డీయే 40,000. మీరు కూరగాయలు కొనడం పూర్తిగా మానేసినా మిగిలేది 3,000. ఉల్లిగడ్డలు, ఉర్లగడ్డలు, అల్లం ఎలాగూ బజారులోనే కొంటారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు తోటలోంచి సగం కూరలొచ్చినా గొప్పే. ఆ లెక్కన మిగిలేది 1,500, కట్టాల్సింది 5,270. ఖర్చులు, చీటీ పోను మీ దగ్గర నెలకు మిగిలేదే 6,000. అందులో ఈఎంఐ తీసేస్తే 730 రూపాయలు. జూన్‌లో పిల్లల పుస్తకాలు, యూనిఫాంలు ఎక్కడి నుంచి తెస్తారు?

నాకు అసలు భయం వేసింది ఆ 18,000 చూసి. మీ ఇంటి ఖర్చుకు అది 20 రోజులకు సరిపోతుంది. ఒక్కరి సంపాదన మీద ఐదుగురు బతుకుతున్న ఇల్లు మీది. షోరూం మూతపడినా, మీరు కాలు విరిగి రెండు నెలలు మంచం పట్టినా 21వ రోజున చేయి చాపాల్సిందే. అలాంటి ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. మీ విషయంలో 27,000 చొప్పున లక్షా అరవై రెండు వేలు. మీరు మిద్దె మీద పెట్టబోతున్న సొమ్మూ, మీ దగ్గర లేని అత్యవసర నిధీ ఇంచుమించు ఒకటే!

ఆ డబ్బు ఎలా కూడుతుందో చెబుతాను. నెలకు మిగిలే 6,000ను జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా పెట్టండి. 8 నెలలకు 48,000. చీటీ ఇప్పుడు పాడితే తగ్గించి తీసుకోవాలి, ఆ పైన మిగిలిన వాయిదాలూ కట్టాలి. చివరిదాకా ఆగండి. కమీషన్ పోను 93,000 వచ్చిందనుకున్నా, ఇప్పుడున్న 18,000తో కలిపి లక్షా 59 వేలు అవుతుంది. ఎనిమిది నెలల్లో దాదాపు నిధి మొత్తం మీ చేతిలో ఉంటుంది, పైసా అప్పు లేకుండా. అది ఏటీఎం కార్డుండే ఖాతాలో వద్దు, వేరే బ్యాంకులో ఎఫ్‌డీ చేయండి. చీటీ రిజిస్టరైన కంపెనీదో కాదో మాత్రం ఈ వారమే చూసుకోండి.

నగల మాట. బ్యాంకులో గోల్డ్ లోన్‌కు పర్సనల్ లోన్ కంటే వడ్డీ తక్కువే, ఒప్పుకుంటాను. కానీ అత్యవసర నిధి లేని ఇంట్లో రాత్రిపూట ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే ఆదుకునేది ఆ బంగారమే. దాన్ని గ్రో బ్యాగుల కోసం కుదువ పెట్టి వస్తే ఆ రాత్రి ఏం పెడతారు? పైగా ఏటా వడ్డీ మాత్రం కట్టి రెన్యువల్ చేసుకుంటూ పోయి, చివరికి వేలం నోటీసు అందుకున్న ఇళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు.

ప్యాకేజీ వాళ్లు ‘నో కాస్ట్ ఈఎంఐ’, అంటే వడ్డీ లేని వాయిదాలని ఫోన్లో యాప్ చూపించారని కూడా రాశారు. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఎవరు కడతారు? నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి, దాచిన వడ్డీ అక్కడే కనబడుతుంది. బ్యాంకు గానీ ఫైనాన్స్ కంపెనీ గానీ మీకిచ్చే ఇలాంటి అప్పుకు అన్ని ఛార్జీలూ కలిపిన ఏడాది రేటును అప్పు వివరాల కాగితమైన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో రాసివ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అది చూపించకుండా ఓటీపీ అడిగేవాళ్లకు దండం పెట్టి బయటికి పంపండి.

అమ్మగారికి బీపీ ఉందన్నారు, కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఆమె పేరు లేదన్నారు. ఆమెకు విడిగా ఆరోగ్య బీమా తీసుకోండి. ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బులకు బీమా డబ్బు రాని కాలం) ఉండొచ్చు కాబట్టి ఆలస్యమయ్యే కొద్దీ నష్టం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఈ ప్రీమియం వల్ల నిధి నిండడానికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది, పడనివ్వండి. మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే బీమా) దాని వెంటనే.

ఇక తోట. పది బ్యాగులతో మొదలుపెట్టండి. బ్యాగులు, ఒక కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) దిమ్మె, ఎర్రమట్టి, విత్తనాలు అన్నీ కలిపి మూడు వేలలోపు అవుతుంది. పశువుల ఎరువు తెలిసిన పల్లెలో దొరుకుతుంది. వేపపిండి, నానబెట్టిన చెనిక్కాయ చెక్క నీళ్లు మన ఊళ్లో కొరతా? ఎండలు తగ్గి తొలి వానలు పడ్డాక పాలకూర, తోటకూర, మెంతికూర చల్లండి, నెల తిరిగేసరికి కోతకొస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో టమాట జోలికి పోకండి. అనంతపురం ఎండకు పూత నిలవక రాలిపోతుంది, మిద్దె సెగకు బ్యాగులో మట్టి మధ్యాహ్నానికే ఎండి అంచులు వదిలేస్తుంది.

వంద బ్యాగుల ముచ్చటలో మీకు ఎవరూ చెప్పని ఖర్చులు రెండున్నాయి. వేసవిలో బ్యాగుకు రోజుకు రెండు లీటర్లు పోసినా వందకు 200 లీటర్లు, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో ఐదో వంతు. కొళాయి రాని రోజు ట్యాంకర్ పిలిపించి బెండకాయ పండిస్తే, బజారు బెండకాయే చవక. రెండోది బరువు. తడిసిన బ్యాగు ఒక్కోటి పాతిక కిలోలకు తగ్గదు, వంద అంటే రెండున్నర టన్నులు. పాత స్లాబు మీద అంత బరువు మోపే ముందు ఇంజినీరుకు చూపించాలి, వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. వానాకాలంలో పడకగది పైకప్పు కారడం మొదలైతే ఆ మరమ్మతుకు కూడా మళ్లీ అప్పే చేస్తారా? పది బ్యాగులనైతే గోడల వెంబడి, బీముల మీదుగా ఇటుకలు పెట్టి నిలబెట్టుకోవచ్చు.

రేపే ప్యాకేజీ ఆర్డర్ రద్దు చేయండి. 2,000 తిరిగి ఇచ్చేది లేదని వాళ్లంటే, ఆ విలువకు బ్యాగులూ కోకోపీటూ ఇవ్వమని అడగండి, మీ పది బ్యాగుల తోటకు సామాను వచ్చేస్తుంది. దానికీ ఒప్పుకోకపోతే వదిలేయండి. రెండు వేలు పోతాయని లక్షన్నర అప్పులోకి దిగకండి.